కారుకు నైరుతి మూల

కరీంనగర్ బైపాస్ మీది ఆ వర్క్‌షాపులో ఏసీ గది, సోఫాలు, కాఫీ మిషను చూడగానే సారయ్యకు ఒళ్లు మండింది. బండి బాగుచేసే చోట మనిషికి కూర్చోబుద్ధి కాకూడదని ఆయన నమ్మకం. గ్రీజు వాసన రాని మెకానిక్కును ఆయన లెక్కచేయడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మెకానిక్కునయితే మనిషిగానే చూడడు. అలాంటిది, ఆ రోజు ఆయన బండి చూడటానికి వచ్చింది జడను టోపీలోకి దోపుకున్న ఒక ఆడపిల్ల. చేతిలో పానా లేదు, ల్యాప్‌టాప్ ఉంది.

"గీమెనా చూసేది?" అన్నాడు సారయ్య, ఆమెకు వినబడేటట్టే.

"నేనే కాకా. నా పేరు రేవతి. గోదావరిఖని మాది," అని ఆమె నవ్వింది. "ఎడమదిక్కు మోగుతలేదన్నరట గద?"

తన జవాబు అందుకునే హోదా ఆ పిల్లకు సారయ్య ఇంకా ఇవ్వలేదు. పక్కనే నిలబడ్డ భానుప్రసాద్ సేటు చెప్పాడు.

"మోగుతలేదని మావోడంటుండు. నాకైతే డౌటే. బండి కొత్తది, డ్రైవర్ పాతోడు. ఏది కరాబైందో నువ్వే తేల్చాలె."

చెప్పి, తను ఏదో పెద్ద జోకు వేసినట్టు సేటే నవ్వుకున్నాడు. సుల్తానాబాద్‌లో రైస్‌మిల్లు ఉంది ఆయనకు. తండ్రి కట్టిన మిల్లు, తండ్రి తెచ్చిన పలుకుబడి, తండ్రి పెట్టుకున్న డ్రైవరు. ఈ మూడూ పోను ఆయన సొంతంగా సంపాదించింది బొజ్జ ఒక్కటే అని సారయ్య చాయ్ హోటల్ దగ్గర తోటి డ్రైవర్లతో అంటుంటాడు. సేటుకు స్టీరింగ్ పట్టుకోవడం రాదు. కారు కొనేటప్పుడు మాత్రం షోరూమువాళ్లు చెప్పినవన్నీ కావాలన్నాడు. ఆ 'అన్నిట్లో' ఈ గంట కూడా వచ్చింది.

కారు వెనక బంపరు లోపల, రెండు మూలల్లో రెండు చిన్న డబ్బాలుంటాయి. డ్రైవరుకు అద్దంలో కనబడని జాగాలోకి ఏ బండైనా వస్తే అవి పసిగడతాయి. ఆ పక్క అద్దంలో నారింజ రంగు దీపం వెలుగుతుంది. అది చూడకుండా అటు తిరగడానికి ఇండికేటర్ వేస్తే టింగుటింగుమని గంట మోగుతుంది. దాన్ని మొదటిసారి విన్న రోజు సారయ్య పగలబడి నవ్వాడు. "మెడ తిప్పరాని బద్ధకపోళ్లకు గీ గంట. రేపు ఆకలైతుందో లేదో చెప్పేతందుకు గూడ ఒక గంట పెడ్తరు," అన్నాడు. రాజీవ్ రహదారి మీద ఆయన వెక్కిరించని డ్రైవరు లేడు. హారన్ కొట్టేవాడు పిరికివాడు, ఫోన్లో దారి చూసుకునేవాడు దద్దమ్మ, బెల్టు పెట్టుకునేవాడికి తన చేతి మీద తనకే నమ్మకం లేదు.

ఇదంతా బయటికి. లోపలి సంగతి వేరే ఉంది.

కిందటి వానాకాలం కరీంనగర్‌లో ఒక కంటి డాక్టరు ఆయన కళ్లలోకి లైటు వేసి చూసి, నీటికాసులన్నాడు. ఎడమ కంటి నరం ఎండిపోయిందనీ, పోయిన చూపు ఇక తిరిగి రాదనీ, కుడికన్నుకు కూడా పక్కచూపు తగ్గుతోందనీ చెప్పాడు. చుక్కలమందు రాసిచ్చి, డ్రైవింగ్ మానుకొమ్మన్నాడు. సారయ్య బయటికి వచ్చి ఆ డాక్టరును కూడా నాలుగు తిట్టాడు. ఇంట్లో భార్య సరోజనతో, "కండ్లద్దాలు మార్చుకొమ్మన్నడు," అన్నాడు. అంతే. చుక్కలమందు సీసా కారు డ్యాష్‌బోర్డులో, గుడ్డల కింద దాక్కుంది.

ఎదురుగా ఉన్నదాన్ని ఆయన ఇప్పటికీ గద్దలా చూస్తాడు. ఎడమపక్క మాత్రం లోకం లేదు. ఎడమ అద్దం చూడాలంటే మొహమంతా తిప్పాలి, తిప్పేసరికి ముందు రోడ్డు పోతుంది. తిప్పినా ఆ అద్దంలో బొమ్మలన్నీ అలికేసినట్టు ఉంటాయి. అందుకని, ఎవరికీ చెప్పకుండా, తను అంత చీదరించుకున్న ఆ గంటనే ఎడమకన్ను చేసుకున్నాడు. ఇండికేటర్ వేస్తాడు, చెవి పెడతాడు. టింగుమంటే ఆగుతాడు. అనకపోతే తిప్పుతాడు. దాన్ని పదిమందిలో తిడుతూ, ఒంటరిగా దాని మీదే బతుకుతూ వచ్చాడు.

పోయిన వారం గంట మోగలేదు. పెద్దపల్లి దాటాక ఎడమకు తిప్పాడు. పాల క్యాన్లతో పోతున్న మోపెడ్‌కు కారు తగిలింది. దాని మీద ఉన్న అంజి అనే యువకుడు రోడ్డు పక్క పొదల్లో పడ్డాడు. మోచెయ్యి విరిగింది. తల పక్కనే రాయి ఉంది, దానికి తగలలేదు, అంతే అదృష్టం. వెనకసీట్లో ఫోన్ మాట్లాడుతున్న సేటు, "ఏందయ్యా, కనవడలేదా నీకు?" అని అరిచాడు.

ఆ మాట సారయ్య గుండెలో దిగబడింది. "నాకా కనవడనిది? గంట మోగలే! లక్షణమైన బండి కొన్నవనుకున్న, కరాబ్ బండి కొన్నవ్," అని ఆయన కూడా అరిచాడు.

ఇప్పుడు తేలవలసింది అదే. డబ్బా చెడిపోయిందని తేలితే సారయ్య సారయ్యే. డబ్బా బాగుందని తేలితే కన్ను సంగతి బయటపడుతుంది, స్టీరింగ్ పోతుంది. స్టీరింగ్ లేని సారయ్య అంటే ఏమిటో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అందుకే రేవతి ల్యాప్‌టాప్ వైరును స్టీరింగ్ కింద తగిలిస్తుంటే ఆయన కళ్లు ఆమె వేళ్ల మీదనుంచి కదల్లేదు. మొహం మాత్రం ఎప్పటిలా చిట్లించుకునే ఉన్నాడు.

రేవతి తెర చూసి తల ఊపింది. "కంప్యూటర్ల ఏ ఫాల్ట్ చూపెడ్తలేదు సార్. రెండు డబ్బలు మంచిగనే ఉన్నయి."

"చెప్పిన్నా లేదా?" అన్నాడు సేటు. ఇంత సంతోషం ఆయన పంట చేతికొచ్చినప్పుడు కూడా చూపించడు. "కంప్యూటర్ అబద్ధం ఆడదు. సారయ్యా, నువ్విగ ఇంటికాడ కూసో. మా బామ్మర్ది కొడుకు ఖాళీగనే ఉన్నడు."

బామ్మర్ది కొడుకు! మిల్లు గేటు తెరిచి ఉన్నప్పుడు కూడా బండిని గోడకు గీరేసే వెధవ. సారయ్యకు కోపంతో చెవులు వేడెక్కాయి. కానీ జీవితంలో మొదటిసారి ఎదుటివాణ్ణి తిట్టడానికి ఆయనకు మాట దొరకలేదు.

"ఆగున్రి సార్," అంది రేవతి. "ఫాల్ట్ లేదంటె డబ్బ సచ్చిపోలేదని అర్థం. దానికి కనవడుతుందో లేదో కంప్యూటర్‌కేం ఎరుక? అది చూడాలె."

ఆమె కారు స్టార్ట్ చేయించింది. రెండు అద్దాల్లోనూ దీపాలు ఒకసారి వెలిగి ఆరాయి. బల్బులు బాగున్నాయన్నమాట. తర్వాత వర్క్‌షాపు స్కూటరు తీసి తనే కారు వెనకనుంచి కుడిపక్కగా పోయింది. కుడి అద్దంలో దీపం వెలిగింది. మళ్లీ వెనక్కి వెళ్లి ఎడమపక్కగా వచ్చింది. దీపం లేదు. ఇంకా దగ్గరగా వచ్చింది. లేదు. బంపరుకు స్కూటరు ఆనించినంత పని చేసింది. ఎడమ అద్దం అలాగే నల్లగా ఉంది.

"చూసినవా?" అని సారయ్య గొంతు తిరిగి లేచింది. "చూసినవా సేటూ? నేను చెప్తె సారయ్య ముసలోడైండంటివి!"

"డబ్బ ముంగట ఏదో అడ్డమున్నది," అంది రేవతి బంపరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని. "గీ క్లిప్పులు చూడున్రి, కొత్తయి. ఎవలన్న బంపర్ ఇప్పిన్రా?"

"ఎవలిప్పుతరు? నా బండి మీద నేను ఈగ వాలనియ్య," అన్నాడు సారయ్య.

అంతసేపూ సోఫాలో కాఫీ తాగుతున్న సేటు భార్య మమతారాణి గబగబా లేచి వచ్చింది. కరీంనగర్‌లో చీరలు కొనేదుందని ఆమె కూడా వచ్చింది. "బంపర్ ఇప్పుడెందుకమ్మా? పైననుంచే చూడరాదా?" అంది. ఆమె మొహంలో రంగు మారింది. రేవతి అప్పటికే విప్పేసింది.

బంపరు లోపల, సరిగ్గా ఎడమ డబ్బా మొహానికి ఎదురుగా, పళ్లెమంత రాగిరేకు ఉంది. దాని మీద గీతలు, గడులు, బీజాక్షరాలు. పసుపు, కుంకుమ ఎండి పెచ్చులు కట్టాయి. గట్టిగా ఉండాలని స్క్రూలు కూడా బిగించారు.

"అయ్యో, చెప్పులతోని ముట్టకున్రి! యంత్రమది!" అంది మమతారాణి.

అప్పుడు బయటపడింది. ఎవరో వాస్తు చెప్పే ఆయన మిల్లు చూడటానికి వచ్చి, మిల్లు కన్నా ముందు ఆవరణలో నిలబెట్టిన కారును చూశాడట. కారుకు నైరుతి బలంగా లేదన్నాడట. వెనకనుంచి గండముందట. రాగి యంత్రం నైరుతి మూలన పెడితే ఏ బండీ వచ్చి తగలదన్నాడట. సారయ్య ఖానాపూర్‌లో పెళ్లికి పోయిన రోజు చూసి, ఊళ్లో డెంటింగ్ చేసేవాడితో ఆమె అది పెట్టించింది. సారయ్యకు చెబితే ఎగతాళి చేస్తాడని చెప్పలేదు. సేటుకు చెప్పింది. సేటు మరిచిపోయాడు. అంటే, తెలిసే మరిచిపోయాడు.

"రేకు ముంగట ఉంటె డబ్బ చూపు దాన్ని దాటి పోదు," అంది రేవతి. "గోడకు మొఖం పెట్టి కూసున్నట్టు."

సారయ్యకు పండగైంది. ఆయన నింపాదిగా చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, గా వాస్తాయన చూసినప్పుడు బండి ఎటు మొఖం పెట్టి ఉండె?"

"ఉత్తరం దిక్కు," అంది మమతారాణి చిన్నగా.

"గప్పుడు ఎనుక ఎడమ మూల నైరుతే. మరి ఇప్పుడు బండి దక్షిణం దిక్కు చూస్తుంది. గిప్పుడు నైరుతి యాడికి పోయింది? నా ముంగట లైటు కాడికొచ్చింది. మల్ల తూర్పుకు తిప్పితే ఎనుక కుడిదిక్కుకు పోతది. రోడ్డు మీద నేను ఎన్నిసార్లు మలుపుతనో గన్నిసార్లు మీ వాస్తాయన ఎనుకనుంచి ఉరుక్కుంట వచ్చి రేకు మారుస్తడా?"

చుట్టూ ఉన్న మెకానిక్కులు నవ్వాపుకోలేకపోయారు. నిజానికి అందులో నవ్వుకోవలసినదే ఉంది. రోడ్డెక్కగానే దిక్కు మారిపోయే వస్తువుకు దిక్కు చూసి రేకు కొట్టించిన ఇల్లాలు, అది విని గంగిరెద్దులా తలూపిన మగడు, ఇద్దరూ చదువుకున్నవాళ్లే. బండి ఢీకొనకుండా చూసే డబ్బా కళ్లు మూసి, బండి ఢీకొనకుండా చూడమని రాగిరేకును అడిగారు. సారయ్య వాళ్లను ఒకసారి కిందినుంచి పైదాకా చూశాడు. ఎదురుగా ఉన్నారు గనక స్పష్టంగానే కనబడ్డారు.

"తప్పు నాది కాదన్నట్టే గద సేటూ?"

"కాదు. సరే."

"జర గట్టిగ చెప్పు. పొద్దుగాల గట్టిగనే అంటివి గద."

"నీ తప్పు లేదు సారయ్యా! పోనీ ఇగ," అన్నాడు సేటు మొహం మాడ్చుకుని.

రేకు తీసి, బంపరు ఎక్కించాక, ఒకసారి రోడ్డు మీద చూడాలంది రేవతి. ఎడమ ముందుసీట్లో కూర్చుంది. "కాకా, మోగినప్పుడల్ల అద్దంల ఏం బండి ఉన్నదో చెప్పు. నేను ఎనుకకు తిరిగి చూస్త. నువ్వు చెప్పింది, నేను చూసింది కలవాలె. ఇదే మా పద్ధతి."

గెలిచిన మత్తులో ఉన్న సారయ్య ఆ పద్ధతి ఏమిటో బండి రోడ్డెక్కేదాకా ఆలోచించలేదు. బైపాస్ ఎక్కి ఇండికేటర్ వేశాడు. టింగుటింగుమంది. ఎంత తియ్యగా వినబడిందో. ఆయన లోపల ఏదో కుదుటపడింది.

"ఏం బండి కాకా?"

అద్దం వైపు మొహం తిప్పబోయి, ముందు లారీ ఉంటే ఆగిపోయాడు. "మోటర్ సైకిల్," అన్నాడు.

"కరెక్టు."

కరీంనగర్ బైపాస్ మీద ఏ నిమిషాన చూసినా ఎడమపక్క మోటర్ సైకిలే ఉంటుంది. అది చెప్పడానికి కన్నెందుకు. కొంచెం దూరం పోయాక ఇండికేటర్ వేస్తే మళ్లీ మోగింది.

"గిప్పుడు?"

"ఆటో."

రేవతి వెనక్కి తిరిగి చూసింది. ఆమె ఎందుకు కరెక్టు అనలేదో తెలుసుకోవడానికి సారయ్య ఈసారి మొహమంతా ఎడమకు తిప్పాడు. కిటికీ నిండా ఎర్రగా, ఇంత గోడలా, ఆర్టీసీ బస్సు ఉంది. దాని కిటికీ పక్కన కూర్చున్నవాడు కారు కప్పుకు చెయ్యి అందేంత దగ్గరగా ఉన్నాడు. బస్సును ఆయన ఆటో అన్నాడు.

"పక్కకు ఆపు కాకా," అంది రేవతి మెల్లగా.

ఆపాడు. ఇంజను ఆడుతూనే ఉంది. ఆమె డ్యాష్‌బోర్డు వైపు చూస్తూ మాట్లాడింది, ఆయన మొహం వైపు చూడకుండా. "మా బాపుకు గిట్లనే అయింది. బొగ్గు బాయిల పని. ఎవలికి చెప్పలే. మాకు గూడ చెప్పలే." సీటుబెల్టు సర్దుకుంది. "నేను సేటుకు చెప్ప. గా రేకు సంగతొక్కటే చెప్త. అది నిజమే గద. పెద్దమనిషివి, పని పోతె పరేషాన్ అయితవ్. డబ్బ మంచిగైంది. జర పైలంగ తోలు, అంతే."

పొద్దుటినుంచి ఈ పిల్లను సారయ్య మనిషి కింద లెక్కవేయలేదు. ఆ పిల్ల ఆయన మీద జాలిపడింది. తిడితే తిట్టేవాడు, వెక్కిరిస్తే తిరిగి వెక్కిరించేవాడు. జాలిని ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. సిగ్గేసింది. రాగిరేకును నమ్మినవాళ్లను అరగంట కిందట అంత చులకన చేశాడే, గంటను నమ్మి కళ్లు మూసుకుని బండి తోలినవాడు వాళ్లకన్నా ఎందులో మెరుగు? రేకు అడ్డం రావడం నిజమే. ఆ మోపెడ్ తనకు కనబడకపోవడం కూడా నిజమే. ఆస్పత్రిలో అంజి కట్టు కట్టిన చెయ్యి ఎత్తి, "ఫికర్ చెయ్యకు కాకా, నీకు కనవడలేదేమో," అన్నాడు. ఆ మాటకు తను ఆ కుర్రాడినే కసిరాడు. తన మీద తనకు ఇంత అసహ్యం ఎన్నడూ వేయలేదు.

వర్క్‌షాపుకు తిరిగొచ్చేటప్పుడు ఆయన ఎడమకు ఎక్కడా తిప్పలేదు. మెల్లగా, నేరుగా తెచ్చాడు. సేటు మెట్ల మీదే నిలబడి ఉన్నాడు.

"మంచిగైందా? మోగుతుందా?"

"మోగుతుంది సార్. రేకే అడ్డమైంది," అంది రేవతి.

సారయ్య కారు దిగాడు. ఆ పిల్ల దయాధర్మం మీద బండి నడపడం కన్నా నోరు విప్పడమే నయమనిపించింది.

"సేటూ, రేకు సంగతి నిజమే. గాని మోపెడ్ పిలగాడు నాకు కనవడలే. ఎడమకన్ను పోయింది. పోయి చాన రోజులైతుంది. కుడిది గూడ సగమే. గంట మోగుతె ఆగుతున్న, మోగకపోతె తిప్పుతున్న. నీకు చెప్పలే."

మమతారాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రేవతి తల దించుకుంది. సేటు కొంచెంసేపు లెక్కలేవో వేసుకున్నాడు. ఆయన మొహం చూస్తే తిట్టబోతున్నాడనే అనుకోవాలి. సారయ్య కూడా తిట్టు కోసమే నిలబడ్డాడు.

"గదేనా సంగతి," అన్నాడు సేటు చివరికి తేలిగ్గా. "నేనేమో అనుకున్న. మరి ఇప్పుడు గంట మంచిగైంది గద? టింగుమంటె ఆగు, అనకపోతె పో. సీజన్ నడుస్తుంది, వడ్లు వస్తున్నయి, గిప్పుడు కొత్త డ్రైవర్‌ను యాడ తేవాలె? మా బామ్మర్ది కొడుకుకు గేర్లు గూడ సక్కగ రావు. ఎక్కు, ఎక్కు. ఆమెకు చీరల దుకాణం కాడికి పోవాలెనంట."

తన బతుకంతా ఈ మనిషిని తక్కువగా చూస్తూ వచ్చాడు సారయ్య. చూడవలసినంత తక్కువగా చూడలేదని ఇప్పుడు తెలిసింది. ఈ మనిషిలాగే తను కూడా ఇన్నాళ్లు లెక్క వేసుకున్నాడని కూడా తెలిసింది. అది ఇంకా మండింది.

"నీకేంది సేటూ," అన్నాడు. ఆయన గొంతులో ఈసారి వెక్కిరింత లేదు. "నువ్వు లోపల కూసుంటవ్. మోపెడ్ మీద పోయేటోడు బయట ఉంటడు."

తాళంచెవి సేటు అరచేతిలో పెట్టి, వేళ్లు తనే మూశాడు. డ్యాష్‌బోర్డు తెరిచి గుడ్డల కిందనుంచి చుక్కలమందు సీసా తీసుకుని జేబులో వేసుకున్నాడు. వెనకనుంచి సేటు, "సారయ్యా! ఓ సారయ్యా! మరి మేమెట్ల పోవాలె?" అంటూనే ఉన్నాడు. స్టీరింగ్ పట్టుకోవడం రాని ఆ మనిషి తాళంచెవిని చేతిలో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు.

గేటు దాటి రోడ్డు అంచున సారయ్య ఆగాడు. ఎడమకు మొహమంతా తిప్పి చూశాడు, కుడికి చూశాడు, మళ్లీ ఎడమకు చూశాడు. సుల్తానాబాద్ బస్సు ఎక్కడ ఆగుతుందని పక్కనున్న మనిషిని అడిగాడు.